గేటు నుంచి పోర్టికో దాకా: ఇంటి ముందరి సిమెంటు చప్టాకు సొంత మరమ్మతు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలో సొంత ఇల్లు కట్టుకున్న మన తెలుగువారు గోడలకూ శ్లాబుకూ పెట్టినంత శ్రద్ధ గేటు నుంచి పోర్టికో దాకా వేసే సిమెంటు చప్టాకు పెట్టరు. ఇంటిపని అంతా ముగిసి, చేతిలో డబ్బు అడుగంటి, గృహప్రవేశం ముహూర్తం ముంచుకువచ్చాక, పునాదిలో తవ్విన మట్టినే పరిచి, మిగిలిన ఇసుకా మిగిలిన సిమెంటూ కలిపి దాని మీద మూడంగుళాల కాంక్రీటు పోయించేస్తారు. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి అది బీటలు వారుతుంది, ఒక మూల కుంగుతుంది, కారు చక్రం ఆనే చోట పెచ్చులు లేస్తుంది. మేస్త్రీని పిలిస్తే పైన ఒక పూత పూసేద్దామంటాడు, ఆ పూత మరుసటి ఏడాదికి అప్పడంలా లేచిపోతుంది. మా ఇంటి ముందర అలాంటి పూతలు రెండు పూయించి, రెండూ పోగొట్టుకున్నాక, మూడోసారి నేనే పూనుకుని చేసిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. చప్టా పగలడానికి కారణం చాలామట్టుకు దాని కింది నేలలోనూ, ఆ నేలలోకి చేరే నీటిలోనూ ఉంటుంది కనుక పనిని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా అదను చూసుకోవాలి. రథయాత్రకు బంధువులు వస్తారనే తొందరలో జ్యేష్ఠంలో పని పెట్టుకుంటే, పోసిన కాంక్రీటు గట్టిపడకముందే తొలకరి వచ్చి పడుతుంది. దసరా సెలవులు కూడా నమ్మదగినవి కావు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయన్నది ఈ వైపు వారెవరూ మరచిపోలేదు. కార్తీకం సగం గడిచాక, అంటే నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా, ఈ పనికి అనువైన కాలం. ఎండ తీవ్రంగా ఉండదు, నీరు త్వరగా ఆవిరి కాదు, పనివారు కూడా వరికోతలు ముగిశాక సులువుగా దొరుకుతారు. వేసవిలో తప్పనిసరై చేయవలసివస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా ముగించి, వెంటనే నీడ కట్టాలి.

ఇక పరీక్ష. ఒక అరకిలో సుత్తి, ఒక సుద్దముక్క తీసుకుని చప్టా అంతటా అడుగుకొక దెబ్బ చొప్పున మెల్లగా కొట్టుకుంటూ వెళ్లాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, కింద ఖాళీ ఏర్పడినచోట లేదా పై పొర విడిపోయినచోట కుండ మీద కొట్టినట్టు బోలుగా మోగుతుంది. బోలుగా మోగిన భాగం చుట్టూ సుద్దతో గీత గీయాలి. తరువాత నాలుగైదు బిందెల నీరు పోసి అది ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో, ఏ బీటలోకి ఇంకిపోతుందో గమనించాలి. నీరు ఇంటి గోడవైపు నడుస్తోందంటే అది చప్టా బాగోగులకు మించిన సంగతి, పునాదికే చేటు. చివరగా ప్రతి పెద్ద బీట మీదా అడ్డంగా రెండంగుళాల వెడల్పున పలుచని సిమెంటు పట్టీ పూసి, తేదీ రాసి, మూడు నాలుగు వారాలు వదిలేయాలి. ఆ పట్టీ చెక్కుచెదరకపోతే బీట నిలకడగా ఉన్నట్టు, పట్టీ కూడా చీలితే బీట ఇంకా కదులుతున్నట్టు. ఈ తేడా తెలియకుండా చేసే మరమ్మతు చాలావరకు వృథా.

పరీక్ష ఫలితాన్ని బట్టి దారి ఎంచుకోవాలి. శబ్దం అంతటా గట్టిగా ఉండి, సన్నని బీటలు మాత్రమే ఉంటే బీటలు పూడ్చి వదిలేయవచ్చు. కింద గట్టిగా ఉండి పైభాగం మాత్రం గరుకెక్కి, పెచ్చులూడి ఉంటే పైన కొత్త పొర వేయవచ్చు. కుంగినచోటా, ఒక బీటకు ఇరువైపులా ఎత్తు తేడా వచ్చినచోటా, బోలుగా మోగే భాగం మూడోవంతుకు మించినచోటా ఆ గడిని, అంటే జాయింటు గీతల మధ్య ఉన్న పలకను, పూర్తిగా పగలగొట్టి మళ్లీ పోయడమే మంచిది. పగలగొట్టడానికి మనసొప్పక పైన పొర వేయించేవారు ఆ డబ్బు రెండుసార్లు పెడతారు. నేను పెట్టాను కాబట్టి చెబుతున్నాను.

ఏ దారి ఎంచుకున్నా ముందు నీటి సంగతి తేల్చాలి. మేడ మీది వాననీటి గొట్టం చప్టా అంచున వదిలేసి ఉంటే దాన్ని కాలువ దాకా పొడిగించాలి. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే వాన ఒక్క రాత్రిలోనే గొట్టం కింద గొయ్యి తవ్వేస్తుంది. చప్టా అంచులకు ఆనుకుని మట్టి కొట్టుకుపోయి ఉంటే మొరం వేసి దిమ్మిసతో కొట్టాలి. మన ఊళ్లలో దీనికి తోడు పందికొక్కుల బెడద ఒకటుంది. అవి చప్టా అంచున బొరియ మొదలుపెట్టి కిందికంటా తవ్వుకుపోతాయి, మట్టి బయటికి వచ్చినంత మేర కాంక్రీటు గాలిలో నిలుస్తుంది, ఏదో ఒకరోజు కారు బరువుకు విరుగుతుంది. బొరియలో గాజుపెంకులు కలిపిన కాంక్రీటును కర్రతో కూరి మూసి, అంచు వెంబడి అడుగు లోతున ఒక సన్నని కాంక్రీటు గోడ దింపితే మళ్లీ తవ్వడం వాటికి కష్టమవుతుంది. చెట్టు వేరు చప్టాను ఎత్తుతూ ఉంటే ఆ వేరును నరికి పైన సిమెంటు పోయడం కంటే, చెట్టు రావిదో మర్రిదో అయితే చప్టానే ఒక అడుగు వెనక్కి జరపడం తెలివైన పని.

బీటలు పూడ్చే పద్ధతి ఇది. వెంట్రుకవాసి బీటలకు ఎస్‌బీఆర్ లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు బ్రష్షుతో రుద్ది ఇంకిస్తే చాలు. ఈ లేటెక్స్ పాలవలె తెల్లగా ఉండే ద్రవం, పెద్ద హార్డ్‌వేరు దుకాణాలన్నిటా డబ్బాల్లో దొరుకుతుంది, ఎంత నీటికి ఎంత కలపాలో డబ్బా మీదనే ఉంటుంది. అంతకంటే వెడల్పైన, నిలకడగా ఉన్న బీటను ఉలితో గానీ కట్టర్‌తో గానీ అంగుళం లోతు వరకు తవ్వి, పైకంటే కింద కాస్త వెడల్పుగా ఉండేలా చెక్కాలి. పైన వెడల్పు, కింద సన్నం చేస్తే పూడ్చిన ముక్క ఆరి ముడుచుకున్నాక చీలికలా ఊడి వస్తుంది. తవ్విన గాడిని ఇనుపతీగల బ్రష్షుతో తోమి, నీటితో కడిగి, రాత్రంతా తడిగుడ్డ కప్పి ఉంచి, ఉదయం నిలిచిన నీటిని గుడ్డతో అద్ది తీసేయాలి. కాంక్రీటు లోపల తడిగా ఉండాలి, పైన మెరిసే నీరు ఉండకూడదు. ఆ స్థితిలో లేటెక్స్, సిమెంటు కలిపిన చిక్కటి ముద్దను బ్రష్షుతో పూసి, అది చేతికి జిగురుగా తగులుతూ ఉండగానే ఒకటికి మూడు సిమెంటు–ఇసుక మాలును, అందులోనూ లేటెక్స్ కలిపి, తాపీతో గట్టిగా నొక్కి కూరాలి. పూసిన ముద్ద ఆరిపోయాక మాలు వేస్తే అది పట్టు ఇవ్వకపోగా రెండింటినీ విడదీసే పొరగా మారుతుంది. లేటెక్స్ కలిపిన అతుకును ఒకటి రెండు రోజులు తడిపి, ఆపై గాలికి ఆరనివ్వాలి.

కదులుతున్న బీటకు సిమెంటు పనికిరాదు. అర అంగుళం వెడల్పు గాడి కోసి, బాగా ఆరనిచ్చి, లోపల ఫోమ్ తాడు దూర్చి, దాని మీద పాలీయురేథేన్ సీలెంట్‌ను గాడి వెడల్పులో సగం మందాన నింపాలి. అది రబ్బరులా సాగుతుంది కనుక బీటతో పాటు కదులుతుంది.

పగలగొట్టి మళ్లీ పోసేటప్పుడు శ్రమంతా నేల మీదే పెట్టాలి. పాత కాంక్రీటు తీశాక మెత్తటి మట్టి, వేళ్లు, బురద తొలగించి, మొరాన్ని నాలుగేసి అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరనూ కొద్దిగా తడిపి, మడమ గుచ్చినా దిగనంతగా దిమ్మిసతో కొట్టాలి. ఎనిమిది అంగుళాల మొరం ఒకేసారి పోసి పైన కొడితే పైది గట్టిపడుతుంది, కిందిది అలాగే ఉంటుంది. కారు నడిచే చప్టాకు నాలుగు అంగుళాల కాంక్రీటు కావాలి. వెల్డ్‌మెష్ (ఇనుప తీగల వల) వేయదలచుకుంటే దాన్ని నేల మీద పరిచి పైన కాంక్రీటు పోయడం దండగ. కవర్ బ్లాకులనే చిన్న సిమెంటు దిమ్మెల మీద నిలిపి, పై నుంచి మూడోవంతు లోతులో ఉండేలా చూడాలి. పోర్టికో స్తంభాలు, ప్రహరీ, మెట్లు ఆనుకునే చోట అర అంగుళం థర్మోకోల్ పలక నిలబెట్టి, చప్టా వాటికి అంటుకోకుండా విడిగా ఉంచాలి. ఇల్లు ఒక తీరున, చప్టా మరో తీరున కదులుతాయి, రెండూ కలిసి ఉంటే మూల దగ్గర బీట తప్పదు.

పాత చప్టా మీద కొత్త పొర వేయడానికి కనీసం రెండు అంగుళాల మందం పెట్టుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రెండంగుళాలు పెరిగాక గేటు రెక్క తెరుచుకుంటుందా, పోర్టికో మట్టం కంటే చప్టా ఎత్తు కాకుండా ఉంటుందా అన్నది పని మొదలుపెట్టకముందే కొలవాలి. మా వీధిలో ఒకరింట కాంక్రీటు ఆరాక గేటు తెరుచుకోక, చివరకు గేటు అడుగును కోయించవలసి వచ్చింది. మట్టం కొలవడానికి నీరు నింపిన పారదర్శక గొట్టాన్ని మించిన పరికరం లేదు. ఇంటి వైపు నుంచి వీధి వైపుకు ప్రతి అడుగుకూ పావు అంగుళం వాలు ఉండాలి, అంటే 12 అడుగుల పొడవుకు 3 అంగుళాలు. రెండు చివరలా మేకులు దిగ్గొట్టి, ఆ వాలుకు నూలుతాడు లాగి, సెంట్రింగ్ చెక్కలను ఆ తాడు మట్టానికి నిలపాలి. వీధికాలువ మీదుగా ర్యాంపు దిగితే కాలువ పూడకుండా కింద పైపు వదలాలి, ఆ సంగతి ముందే మున్సిపాలిటీలో అడిగి తెలుసుకోవడం మేలు.

పాత ఉపరితలాన్ని కొత్తది పట్టుకోవాలంటే దాని నునుపు పోవాలి. బోలుగా మోగిన పెచ్చులన్నీ తీసేసి, మిగిలిన భాగమంతా ఉలితోగానీ చిన్న బ్రేకర్ యంత్రంతోగానీ లోపలి పిక్క (కంకర) కనిపించేలా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టాలి. ఈ పనిలో లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, కళ్లద్దాలూ ముక్కుకు మాస్కూ లేకుండా కూర్చోవద్దు. నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి పీల్చుకోనిచ్చి, చాకలి సోడా వేడినీటితో తోమాలి. పాచి పట్టినచోట బ్లీచింగు పొడి వాడి కడగాలి. కొందరు ఆసిడ్ కూడా పోస్తారు. అది లేకున్నా పని జరుగుతుంది, బ్లీచింగు మీద ఆసిడ్ పోస్తే మాత్రం విషవాయువు లేస్తుంది కనుక ఆ రెండింటినీ ఎన్నడూ కలపరాదు.

సామాను విషయానికి వస్తే, మనం పిక్క అనేదాన్ని ఇక్కడి ఒడియా దుకాణదారు గిట్టి అంటాడు, ఇసుకను బాలి అంటాడు, కొలత మాత్రం అందరికీ ఘనపుటడుగులే. రెండంగుళాల పొరకు 20 ఎంఎం పిక్క పనికిరాదు, 10 లేదా 12 ఎంఎం తీసుకోవాలి. నాలుగంగుళాల కొత్త చప్టాకు 20 ఎంఎం సరిపోతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గడికి రెండంగుళాల మందాన సుమారు 4 బస్తాల సిమెంటు, 7 ఘనపుటడుగుల ఇసుక, 14 ఘనపుటడుగుల పిక్క పడతాయి. నాలుగంగుళాలైతే దీనికి రెట్టింపు. ఒడిశాలో ఉక్కు కర్మాగారాలు ఉండడంతో వాటి కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు విరివిగా దొరుకుతుంది. అది మంచిదే, కానీ మెల్లగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు తడపాలి. బస్తా మీద ముద్రించిన తయారీ వారం చూసి, మూడు నెలలు దాటినదైతే వెనక్కి పంపాలి.

మహేంద్రతనయ, వంశధార ఇసుక గింజ బాగుంటుంది గానీ వానల తరువాత తీసిన ఇసుకలో ఒండ్రు ఉంటుంది. ఒక గాజు సీసాలో సగం దాకా ఇసుక వేసి, ఉప్పునీరు పోసి, బాగా గిలకరించి మూడు గంటలు కదపకుండా ఉంచితే ఒండ్రు పైన పొరగా పేరుకుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో నూటికి 8 వంతులు మించితే ఇసుకను కడగాలి, లేదా మార్చాలి. తడి ఇసుక పొంగి ఉంటుందన్నది మరో మెలిక. నిమ్ము వల్ల గింజలు విడివిడిగా నిలిచి, అదే ఇసుక నాలుగోవంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. తట్టలతో కొలిచేవారు ఇది తెలియక ఇసుక తక్కువ వేస్తారు. లోపల 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 40 ఎత్తు ఉండే చెక్కపెట్టె చేయించుకుంటే అందులో సరిగ్గా ఒక బస్తా సిమెంటు పడుతుంది. బస్తాకు ఒకటిన్నర పెట్టెల పొడి ఇసుక, మూడు పెట్టెల పిక్క పాళ్లు. ఇసుక నిమ్ముగా ఉంటే ఒకటిన్నర బదులు పావు తక్కువ రెండు పెట్టెలు వేయాలి.

నీటి దగ్గరే చాలా పనులు చెడిపోతాయి. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు మించకూడదు, ఇసుకలోని తడిని అందులోంచి తగ్గించాలి. పారతో లాగడం కష్టంగా ఉందని కూలీలు మరో బకెట్ పోయబోతారు, అక్కడ యజమాని నిలబడి ఉండాలి. పలుచని కాంక్రీటు సులువుగా పరుచుకుంటుంది, ఆరాక ముడుచుకుని బీటలిస్తుంది, పైభాగం పొడిపొడిగా రాలుతుంది. తాగడానికి పనికివచ్చే నీరే వాడాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు గమ్‌బూట్లు తప్పనిసరి, ఎందుకంటే తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, ఆ మంట సాయంత్రానికి గానీ తెలియదు.

పోయడానికి ముందు రాత్రంతా తడిపిన పాత చప్టా మీద నీరు అద్ది తీసి, సిమెంటు ముద్దను కాంక్రీటు వెళ్తున్నంత మేరకే ముందు ముందు పూసుకుంటూ పోవాలి. కాంక్రీటును పరిచి, పారతో పొడిచి గాలి పోగొట్టి, అల్యూమినియం బద్దను రెండు చెక్కల మీద ఆనించి రంపంలా లాగి చదును చేయాలి. ఆ తరువాత పైకి తేలే నీరు ఆవిరయ్యే దాకా ఆగడం నేర్చుకోవాలి. ఈ తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి తాపీతో నునుపు చేయడం మనవైపు ఆచారం, మా ఇంటి రెండు పూతలనూ పాడు చేసింది కూడా అదే. అలా చల్లిన సిమెంటు పైన పలుచని పెంకులా గట్టిపడి, కింది కాంక్రీటుతో కలవక, సాలెగూడు లాంటి సన్నని బీటలతో ఊడిపోతుంది. నీరు ఆరాక, వేలు పెడితే పావు అంగుళం దిగే స్థితిలో, చెక్కతో ఒకసారి రుద్ది, మెత్తని చీపురును వాలుకు అడ్డంగా ఒకే వైపుకు లాగితే గరుకు గీతలు ఏర్పడతాయి. వానలో బండి జారకుండా కాపాడేది ఆ గరుకే. అద్దంలా మెరిసే చప్టా ఆషాఢంలో ఇంటిపెద్దవారిని పడేస్తుంది.

గడులు కోయడం మరువరాదు. కాంక్రీటు ఎలాగూ ముడుచుకుని ఎక్కడో ఒకచోట చీలుతుంది, ఆ చీలికను మనం చెప్పినచోట వచ్చేలా చేయడమే జాయింటు పని. నాలుగంగుళాల చప్టాకు 8 నుంచి 10 అడుగులకు ఒకటి చొప్పున, వీలైనంత చదరపు గడులుగా, మందంలో నాలుగోవంతు లోతున మరునాడు ఉదయానికల్లా కట్టర్‌తో కోయాలి. పాత చప్టా మీద వేసిన పొరలో అయితే కింది జాయింట్ల గుర్తులను ముందే గోడల మీద పెట్టుకుని, సరిగ్గా వాటి మీదనే, కొత్త పొర మందమంతా కోయాలి. లేకుంటే కింది జాయింటు కదిలినప్పుడు పైన వంకరటింకరగా తనదైన గీత గీస్తుంది.

చివరి పని తడపడం. ఖర్చు లేని ఈ పనినే అందరూ ఎగ్గొడతారు. ఉపరితలం చేతికి అంటనంత గట్టిపడగానే గోనెసంచులు గానీ వరిగడ్డి గానీ పరిచి, అవి ఒక్క గంట కూడా ఎండిపోకుండా చూడాలి. పొద్దున ఒక పైపు, సాయంత్రం ఒక పైపు పట్టి వదిలేస్తే మధ్యాహ్నం ఎండకు కాంక్రీటు నీరు కోల్పోతుంది. మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపినది) లేదా స్లాగ్ సిమెంటుకు కనీసం 10 రోజులు, ఎండ ఎక్కువైతే 14 రోజులు తడపాలి. మట్టితో చిన్న గట్లు కట్టి అంగుళం నీరు నిలపడం ఇంకా మంచిది గానీ వాలు ఉన్నచోట అది కుదరదు. ఒక రోజు గడిచాక మనుషులు నడవవచ్చు, వారం తరువాత స్కూటరు ఎక్కించవచ్చు, కారును రెండు వారాల లోపు రానివ్వకూడదు, ఇటుకల ట్రాక్టరునైతే 28 రోజులు దాటేదాకా గేటు బయటే ఆపాలి.

నెల గడిచి కాంక్రీటు బాగా ఆరాక, కోసిన జాయింట్లను ఊది శుభ్రం చేసి సీలెంట్ నింపితే నీరు కిందికి దిగదు. ఆపై ఏటా మొదటి వాన పడే ముందు ఒకసారి చీపురుతో ఊడ్చి, జాయింట్లలో విడిపోయిన సీలెంట్‌ను మార్చి, అంచుల వెంట వంగి చూసి, కొత్తగా మట్టి కుప్ప కనిపిస్తే ఆ రోజే బొరియను కూరి మూయాలి.